పేరు కోసేసిన ఫైలు

సోమవారం పొద్దున పదింటికి మా కంపెనీ పని అయిపోయిందని చెప్పారు. మమ్మల్ని కొన్న పెద్ద కంపెనీ తరఫున వచ్చిన లాయరమ్మ ఆ మాట నవ్వుతూనే చెప్పింది. పాపం, నవ్వడం కూడా ఆవిడ ఉద్యోగంలో భాగమే అనుకుంటాను.

మేం చేసేది కంపైలరు. అంటే మరేం లేదు, మనిషి రాసిన ప్రోగ్రామును చిప్పుకు అర్థమయ్యే అంకెల్లోకి మార్చిపెట్టే సాధనం. మాది ఒకే ఒక్క రకం చిప్పుకు పనికొస్తుంది. పాత చిప్పు, చిన్న చిప్పు. లిఫ్టుల్లో, తూకం యంత్రాల్లో, ఆస్పత్రి సామానులో ఉంటుంది. దానికి ఇంకో కంపైలరు ఎక్కడా లేదు. పైగా మాది తాళం వేసిన సరుకు. ఎవరి దగ్గర నడిచినా, నడిచే ప్రతిసారీ మా ఆఫీసులో ఉన్న సర్వరును "నడవనా?" అని అడుగుతుంది. సర్వరు ఊఁ అంటేనే కదులుతుంది. శుక్రవారం సాయంత్రం ఐదింటికి ఆ సర్వరును ఆపేస్తారట.

"అలా కాదు, సోర్సు, అంటే మీవాళ్ళు రాసిన ఫైళ్ళు మొత్తం, సర్వరుతో పని లేకుండా ఎవరైనా నడుపుకునేలా స్వేచ్ఛా లైసెన్సు కింద అందరికీ వదిలేద్దామంటే మాకేం అభ్యంతరం లేదు మేడమ్," అంది లాయరమ్మ. "ఏ లైసెన్సో మీరే ఎంచుకోండి. కానీ ప్రతి ఫైలుకీ హక్కుదారు ఎవరో తేలాలి, సంతకం ఉండాలి. ఒక్క ఫైలు తేలకపోయినా వదలం. డిస్కులు తుడిచేస్తాం."

మిగతావాళ్ళు అట్టపెట్టెల్లో కప్పులూ ఫొటోలూ సర్దుకుని వెళ్ళిపోయారు. నాకు కాళ్ళాడలేదు. ఎందుకంటే మా చెల్లెలు ఊపిరి తీసుకునేది ఆ చిప్పుతోనే.

చెల్లి నాతోనే ఉంటుంది. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేది. కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడిపోయే జబ్బు దానిది. నాలుగేళ్ళ క్రితం ఛాతీ దాకా వచ్చింది. అప్పటినుంచీ మంచం పక్కన చిన్న సూట్‌కేసంత యంత్రం, మొహానికి గొట్టం. ఆ యంత్రంలో ఒక తప్పుంది. కరెంటు పోతే అది వెంటనే బ్యాటరీ మీదికి మారాలి. ఒక్కోసారి మారదు. మారకపోగా, నోరెత్తి అరవదు కూడా. ఈ ఏడాదిలో రెండుసార్లు అలా ఆగింది. రెండోసారి నేను వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాను. ఏదో చప్పుడు విని కాదు, చప్పుడు లేకపోవడం విని పరిగెత్తాను. చేత్తో నొక్కే గాలి సంచి ఒకటి మంచానికి కట్టి ఉంచుతాం. కరెంటు వచ్చేదాకా దాన్ని నొక్కుతూ కూర్చున్నాను. ఆ రోజు నుంచీ నా చెవులు నావి కావు.

ఆ యంత్రం చేసే వర్క్‌షాపు ఇంజనీరు మంగళవారం ఫోన్ చేశాడు.

"మేడమ్, తప్పు దొరికింది. సరిచేశాను కూడా. కానీ పరీక్షలకి మూడు వారాలు పడుతుంది. ప్రతి పరీక్ష తర్వాతా మళ్ళీ కంపైల్ చెయ్యాలి. శుక్రవారం తర్వాత మీ కంపైలరు నడవకపోతే నేనేం చెయ్యను? ఇలాంటి యంత్రాలు నాలుగొందల ఇళ్ళల్లో ఉన్నాయి."

"నడుస్తుంది," అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలీదు.

లైసెన్సు ఎంచుకోవడం ఐదు నిమిషాల పని అనుకున్నాను. నా తలకాయ! అందులో రెండు జాతులున్నాయి. ఒకటి వదులుది: ఎవరైనా తీసుకోవచ్చు, ఏమైనా చేసుకోవచ్చు, చివరికి మళ్ళీ తాళం కూడా వేసుకోవచ్చు. రెండోది పట్టుది: తీసుకున్నవాడు దాన్ని మార్చి ఇంకొకరికి ఇస్తే, తన మార్పుల్ని కూడా అలాగే తెరిచి ఇవ్వాలి. నాకు వదులుదే సుఖమనిపించింది. లాయరమ్మకూ అదే నచ్చింది. సరే, మూడొందల పన్నెండు ఫైళ్ళకు హక్కుదారులెవరో చూద్దామని ఇద్దరం కూర్చున్నాం.

"ఏ ఫైలు మీదా పేరు లేదేంటి మేడమ్?" అంది లాయరమ్మ. "ఎక్కడైనా పైన ఎవరు రాశారో, హక్కు ఎవరిదో ఉంటుంది కదా? ఎవరు తీసేశారు?"

నేను తల దించి ఫైళ్ళ జాబితా తిరగేశాను. తీసింది నేనే.

ఇరవై రెండేళ్ళ నాటి మాట. మా దగ్గర ఒక అలవాటుండేది, దాన్ని చూసుకుని మాకు మహా పొగరు: మా కంపైలరు తనను తానే కంపైల్ చేసుకోవాలి. కొత్తదాన్ని పాతదాని నోట్లో పెడతాం, అది అరిగించుకుంటేనే లెక్క. అయితే ఆ రోజుల్లో దానికో జబ్బుండేది. కామెంట్లంటే యంత్రానికి అక్కర్లేకుండా మనుషుల కోసం రాసుకునే మాటలు. ఏ కామెంటైనా నాలుగు లైన్లు దాటితే మా కంపైలరుకు గొంతుకి అడ్డం పడేది, అక్కడే ఆగిపోయేది. నేను చేరి మూడో వారం. జబ్బు నయం చెయ్యడం నాకు చేతకాదు. అందుకని ఒక బుల్లి స్క్రిప్టు, అంటే నాలుగు ముక్కల ప్రోగ్రాము, రాసి, నాలుగు లైన్లు దాటిన ప్రతి కామెంటునూ అన్ని ఫైళ్ళలోంచీ కోసిపారేశాను. కంపైలరు గడగడా నడిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. రెండు నెలలకు ఎవరో అసలు జబ్బును నయం చేశారు. కోసిన కామెంట్లు తిరిగి పెట్టాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు. నాలుగు లైన్లు మించి కామెంటు రాయకూడదన్న నియమం అలాగే మిగిలిపోయింది. మొన్నమొన్న చేరిన పిల్లలకు కూడా ఎందుకో చెప్పకుండానే అదే నేర్పేవాళ్ళం; అందుకే కొత్త ఫైళ్ళ మీదా పేర్లు రాలేదు.

ఆ కోతలో పోయినవాటిలో లెక్కల మాస్టారి పేరు ఒకటి. కూడికలూ, భాగహారాలూ చేసే అంకెల ఫైలు ఆయన రాసింది. అందుకే మేమంతా ఆయన్ని అలా పిలిచేవాళ్ళం. ఆయన జీతగాడు కాదు, తన ఫైలు తను తెచ్చుకుని ఒప్పందం మీద వచ్చాడు. ఫైలు పైన తొమ్మిది లైన్లు: తన పేరు, సంవత్సరం, హక్కు తనదే అన్న షరతు. ఒకరోజు తెరిచి చూసుకుంటే ఏదీ లేదు. నా కష్టం మింగేద్దామనే కదా అని పాత యజమాని గదిలోకి వెళ్ళి అరిచాడు. యజమానికి పాపం ఏమీ తెలీదు. కానీ అహం ఉందిగా, "నా కంపెనీలో ఫైలు, నా ఇష్టం" అన్నాడు. మాస్టారు ఆ పూటే వెళ్ళిపోయాడు. నేను పక్క బల్ల దగ్గరే, తల వంచుకుని కీబోర్డు చూస్తున్నాను. నెల తిరక్కుండా ఆయన కుర్చీ నాకిచ్చారు.

మూడొందల పదకొండు ఫైళ్ళు కంపెనీవే అని జీతాల కాగితాలతో తేలిపోయింది. మిగిలింది ఆ ఒక్కటి. బీరువాలోంచి పాత ఒప్పందం తీసి లాయరమ్మ బుధవారం మాస్టారికి ఫోన్ చేసింది. స్పీకర్లో పెట్టింది. అదే గొంతు, కాస్త గరగరలాడుతోంది.

"రెండు షరతులు," అన్నాడు. "వదులు లైసెన్సుకి నేను ఒప్పుకోను. నాది ఒకసారి తీసుకుని తాళం వేశారు, రెండోసారి ఎవడో వెయ్యడని నమ్మకమేంటి? పట్టుదైతేనే. రెండోది, నా పేరు కోసిందెవరో చెప్పాలి. ఫోన్లో కాదు, ఎవరో ఒకరు నా ఎదురుగా వచ్చి చెప్పాలి." ఫోన్ పెట్టేశాడు.

పట్టు లైసెన్సు అనగానే ఇంజనీరు లబోదిబోమన్నాడు. అంకెల ఫైలు కంపైలరులో ఊరికే కూర్చునేది కాదు, కంపైల్ అయిన ప్రతి ప్రోగ్రాములోకీ దాని ముక్క వెళుతుంది. "అయితే మా యంత్రం ప్రోగ్రాము కూడా తెరిచి అందరికీ ఇవ్వాలన్నట్టేగా మేడమ్? మావాళ్ళు దాన్ని ముట్టుకోరు. ఇంక నేనే ఇంటింటికీ తిరిగి సంచులు నొక్కాలి." వదులుదంటే మాస్టారు సంతకం పెట్టడు. పట్టుదంటే యంత్రం బాగుపడదు. తల ప్రాణం తోకకొచ్చింది. గురువారం పొద్దంతా కూర్చుని ఒక మినహాయింపు పేరా రాశాను: కంపైలరుకు పట్టు లైసెన్సే. కానీ దానిలోంచి బయటికొచ్చే ప్రోగ్రాములకు, వాటిలోకి అంకెల ఫైలు ముక్క వెళ్ళినా సరే, ఈ పట్టు వర్తించదు. ఆ ఐదు వాక్యాల కోసం ముప్ఫై కాగితాలు చింపాను. సాయంత్రానికి ఇంజనీరు పైవాళ్ళు సరేనన్నారు. లాయరమ్మ కూడా సరేనంది.

"ఇక ఆ రెండో షరతు," అంది ఆవిడ పెన్ను మూత పెడుతూ. "పాత యజమాని చేయించాడని చెప్పేద్దాం. ఆయనెటూ లేరు. పెద్దాయన కూడా అదే అనుకుంటున్నాడు. మీరు వెళ్ళి ఒక్క మాట అంటే అయిపోతుంది మేడమ్."

ఆవిడకు తెలిసి అందా, తెలియక అందా, నేను అడగలేదు. ఎంత హాయిగా అనిపించిందో చెప్తే మీరు నా మొహం చూడరు.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి కరెంటు పోయింది. నేను చెప్పులేసుకుంటున్నాను. గదిలో ఆ చప్పుడు ఆగింది. చెల్లి కళ్ళు పెద్దవైపోయాయి, పెదాలు రంగు మారుతున్నాయి. సంచి తగిలించి నొక్కుతున్నాను. లయ తప్పుతోంది. అది కళ్ళతోనే నన్ను కోప్పడుతోంది, మెల్లగా, మెల్లగా అని. ఎంతసేపో తెలీదు. కరెంటు వచ్చాక కూడా నా చేతులు నొక్కడం మానలేదు.

"చాల్లే అక్కా," అంది చెల్లి, యంత్రం ఊపిరికీ ఊపిరికీ మధ్య. "నన్ను బెలూన్ చేస్తావా ఏంటి?"

ఏడుపొచ్చేసింది. మంచం అంచున కూలబడి మొత్తం చెప్పేశాను. స్క్రిప్టు, మాస్టారు, ఆయన కుర్చీ, లాయరమ్మ సలహా. అది కళ్ళు మూసుకుని వింది.

"నన్ను అడ్డం పెట్టుకుని అబద్ధమాడకే," అంది.

"నిజం చెప్తే తలుపు మొహాన వేస్తాడు! అప్పుడేం చెయ్యమంటావ్? నువ్వు చస్తుంటే పక్కన కూర్చుని నా నిజాయితీ చూసుకోమంటావా?"

"అరవకు. నర్సు వస్తోంది."

పగటి నర్సుకు చెల్లిని అప్పగించి బయల్దేరాను. ముందు ఆఫీసుకు వెళ్ళాను. లాయరమ్మ స్టాంపులు వేయించి కాగితాలు చేతికిచ్చేసరికి రెండు దాటింది. చెల్లి మాట చెవిలో పోరుతూనే ఉంది. అయినా అబద్ధమే ఆడదామని తేల్చుకున్నాను. మెట్లెక్కుతూ రెండుసార్లు వల్లె వేసుకున్నాను కూడా.

మాస్టారిది మూడో అంతస్తు. ఒక్కటే గది, కిటికీ పక్కన బల్ల, బల్ల మీద భూతద్దం. జుట్టంతా పోయింది. నన్ను గుర్తుపట్టాడు.

"పక్క బల్ల అమ్మాయివి కదూ? కూర్చో."

కాగితాలు భూతద్దం కింద పెట్టి ఒక్కో లైనూ చదివాడు. మినహాయింపు పేరా దగ్గర చాలాసేపు ఆగాడు. గోడ గడియారం మూడు చూపిస్తోంది. నా ప్రాణాలన్నీ ఆ భూతద్దం కిందే ఉన్నాయి.

"మర నాది, పిండి ఆడించుకున్నవాడిది," అన్నాడు చివరికి. "న్యాయంగానే ఉంది. ఎవరు రాశారు?"

"నేనే మాస్టారూ."

"బాగా రాశావు. రెండోది చెప్పు."

"పాత యజమానే మాస్టారూ," అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. "ఆయనే తీయించారు."

ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు. లేచి మంచం కింద నుంచి అట్టపెట్టె లాగాడు. పసుపుపచ్చగా మారిన రెండు ప్రింట్లు తెచ్చి నా ముందు పక్కపక్కనే పరిచాడు.

"ఇది ముందు రోజుది. ఇది తర్వాతది. పైన నా పేరు పోయింది, సరే. కానీ ఇక్కడ చూడు, మధ్యలో. భాగహారం గురించి ఆరు లైన్లు రాసుకున్నాను. సున్నాతో భాగిస్తే ఏం చెయ్యాలో, అంతే. అది కూడా పోయింది. నా పేరు మింగాలనుకున్నవాడు భాగహారం కామెంటు ఎందుకు మింగుతాడమ్మాయ్? ఇరవై రెండేళ్ళుగా ఇది నాకు తెగట్లేదు."

ఆ ముసలాయన నిజంగానే అడుగుతున్నాడు. మోసం పట్టుకుందామని కాదు, తెగని లెక్క ఒకటి ఇంకెవరికైనా తెగుతుందేమోనని అడుగుతున్నాడు. నేను వల్లె వేసుకొచ్చింది ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"ఎందుకంటే అది ఆరు లైన్లు మాస్టారూ," అన్నాను. "నాలుగు దాటినవన్నీ పోయాయి. మీవే కాదు, అందరివీ. కంపైలరుకు అడ్డం పడుతున్నాయని కోసేశాను. నేనే. ఆయనకి తెలీదు."

ఆయన రెండు ప్రింట్లనూ మార్చి మార్చి చూశాడు. వేలితో లైన్లు లెక్కపెట్టాడు. తొమ్మిది. ఆరు. మూడు లైన్లదొకటి చెక్కుచెదరకుండా ఉంది. దాని మీద వేలు ఆగిపోయింది.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"మొదట ఉద్యోగం పోతుందని. తర్వాత మీ కుర్చీ నాకిచ్చారు, దిగబుద్ధి కాలేదు. ఆ తర్వాత చెప్పడానికి మొహం లేకపోయింది."

"వాడూ నేనూ ఒకే గదిలో అద్దెకుండి చదువుకున్నాం," అన్నాడు మాస్టారు. యజమాని గురించని అర్థం కావడానికి నాకు ఒక నిమిషం పట్టింది. "చివర్లో రెండుసార్లు కబురు పెట్టాడు. నేను వెళ్ళలేదు. పోయాక కూడా వెళ్ళలేదు. దొంగ మొహం చూడనన్నాను."

కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తోచక నేల మీద కూర్చుండిపోయాను. సిగ్గూ ఎగ్గూ వదిలేసి చెల్లి సంగతి చెప్పాను. పొద్దున ఆగిన యంత్రం, సంచి, నాలుగొందల ఇళ్ళు, ఐదింటికి ఆగిపోయే సర్వరు. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకునేదాన్ని.

"నన్ను ఏమన్నా అనండి మాస్టారూ. కొట్టండి. దానికి మాత్రం ఊపిరి ఆపకండి."

"నీ చెల్లెలు నా పేరు కొయ్యలేదుగా," అన్నాడు ఆయన ఇటు తిరక్కుండానే. "ఆవిడ మీద నాకెందుకు కోపం? లే. ఈ లైసెన్సులో, ఫైలు పైన రాసిన మాటలు ఎవరైనా తీసేయొచ్చా?"

"తీయకూడదు. ఎన్ని చేతులు మారినా అలాగే ఉంచాలి. షరతే అది."

"అయితే రాయి. పైన నా పేరు, ఏడాది. దాని కింద జరిగింది."

కాగితం తీసుకుని రాశాను. ఈ ఫైలు మీది పేరును, షరతులను ఫలానా ఏడాది పొరపాటున తీసేశారు, అని. ఆయన భూతద్దంతో చూసి నా వైపు తిప్పాడు.

"తీసేశారా? ఎవరు?"

నా పేరు రాశాను. తీసింది నేనని, తెలిసీ ఇరవై రెండేళ్ళు చెప్పలేదని రాశాను. ఆయన ఇంకా కాగితం వదల్లేదు.

"వాడు తియ్యలేదని కూడా రాయి. వాడి పేరుతో."

రాశాను. మొత్తం ఏడు లైన్లయింది. అప్పుడు పెన్ను తీసుకుని అన్ని కాగితాల మీదా సంతకం పెట్టాడు. చేయి నిలకడగానే ఉంది. నన్ను గుమ్మం దాకా పంపలేదు, మళ్ళీ రమ్మనలేదు. కుర్చీలో కూర్చుని ఆ రెండు ప్రింట్లే చూస్తున్నాడు.

ఆఫీసు చేరేసరికి నాలుగూ ముప్ఫై ఐదు. ఏడు లైన్లను ఫైలు నెత్తిన పెట్టి, సర్వరును అడిగే తాళం తీసేసి, మా అలవాటు ప్రకారం కంపైలరును కంపైలరు నోట్లో పెట్టాను. జబ్బు ఎప్పుడో నయమైందని తెలిసినా, ఆ లైన్లు దాటేదాకా ఊపిరి బిగబట్టాను. దాటింది. నాలుగూ యాభై రెండుకు అన్ని ఫైళ్ళూ అందరికీ అందేలా నెట్‌లోకి వెళ్ళిపోయాయి. లాయరమ్మ తెర మీద ఆ ఏడు లైన్లూ చదివి, మొదటిసారి నవ్వకుండా నా వైపు చూసింది. ఐదింటికి ఎవరో వచ్చి సర్వరు తీగ పీకేశారు.

ఆ మూడు వారాలు ఎలా గడిచాయో అడగకండి. కరెంటు మూడుసార్లు పోయింది. ఒకసారి యంత్రం మారలేదు. నర్సూ నేనూ వంతులేసుకుని కాపలా కాశాం. నాలుగొందల ఇళ్ళలో ఇంకెందరు ఇలాగే సంచి పట్టుకుని కూర్చున్నారో అనుకునేదాన్ని. ఇంజనీరు రోజూ ఫోన్ చేసి, ఇంకో పరీక్ష అయింది మేడమ్, ఇంకొకటి అయింది, అనేవాడు.

చివరికి ఒకరోజు మధ్యాహ్నం కొత్త ప్రోగ్రాముతో వచ్చాడు. ఎక్కించడానికి తొంభై సెకన్లు యంత్రం ఆపాలి. నేను సంచి నొక్కుతూ అంకెలు లెక్కపెట్టాను. ఎనభై ఎనిమిది దగ్గర ఆ పాత చప్పుడు మొదలైంది. ఇంజనీరు నా మొహం చూసి, "ఇప్పుడు పీకుతున్నా" అని గోడలోంచి ప్లగ్గు లాగేశాడు. చప్పుడు తెగలేదు. ఒక్క రవ్వంత కూడా తెగలేదు. చెల్లి ఛాతీ లేస్తోంది, పడుతోంది.

ప్లగ్గు చేత్తో పట్టుకుని ఆ కుర్రాడు కాసేపు నసిగాడు.

"మేడమ్, ఆ అంకెల ఫైలు పైన ఏడు లైన్లున్నాయి కదా. మావాళ్ళందరూ చదివారు. బయటివాళ్ళూ చదువుతున్నారు. మీరు మాకింత చేశారు, మా కాపీలోంచైనా అది తీసేయమంటే..."

"తీసేయడానికి వీల్లేదు బాబూ," అన్నాను. "లైసెన్సు ఒప్పుకోదు."

అతను తల వంచుకుని సామాను సర్దుకున్నాడు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చెల్లి దుప్పటి సర్దడం మొదలుపెట్టాను. దాని దిండు పక్కన ఒక ప్రింటు ఉంది. నర్సు చేత తెప్పించుకుందట. అవే ఏడు లైన్లు.

"చదివావా?" అన్నాను.

"రెండుసార్లు," అంది చెల్లి. యంత్రం ఒక ఊపిరి ఇచ్చేదాకా ఆగింది. "దిద్దడానికేం లేదే అక్కా. అన్నీ సరిగ్గానే ఉన్నాయి."